ఊరి క్లినిక్‌తో మూడేళ్లు

నాన్నకు పక్షవాతం వచ్చింది 2023 జనవరిలో, మిరప కోతల రోజుల్లో. అరుగు మీద కూర్చుని కూలీల లెక్క రాస్తుంటే పెన్ను జారిపోయిందట. తీసి మళ్లీ పెట్టుకున్నా వేళ్లలో నిలవలేదట. మాట ముద్దగా వస్తుంటే నీరసమేమోనని అమ్మ మజ్జిగ కలిపి ఇచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ పెట్టి, పడుకుంటే సర్దుకుంటుందన్నాడు. సాయంత్రానికి కాలు కూడా లేవకపోయేసరికి 108కి ఫోన్ చేశారు. గుంటూరు చేరి సీటీ స్కాన్ అయ్యేసరికి రాత్రి తొమ్మిది. రక్తం గడ్డను కరిగించే ఇంజక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలట. మాకు అప్పటికి పదకొండు గంటలు దాటిపోయాయి.

"ఈయనకు బీపీ ఎన్నాళ్ల నుంచి ఉంది?" అని డాక్టరు అడిగాడు. "ఆయనకు బీపీ లేదండీ" అంది అమ్మ. అప్పుడు మిషన్ మీద 210/120 కనిపిస్తోంది.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను. ఇంటి నుంచే పని చేసుకుంటానని ఆఫీసులో ఒప్పించుకుని పల్నాడులో మా ఊరికి వచ్చేశాను. మూడు నెలలు అనుకున్నది దాదాపు మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో మా ఇంటికి ఎక్కువసార్లు వచ్చిన బయటి మనుషులు ముగ్గురే: ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త ఆశ, ఊరి క్లినిక్ సిస్టర్, నెలకు రెండుసార్లు 104 బండితో వచ్చే డాక్టరమ్మ. ఊళ్లో ప్రభుత్వ వైద్యం గురించి అడిగితే కొందరు బ్రహ్మాండం అంటారు, కొందరు అంతా బోగస్ అంటారు. నాకు రెండూ ఎదురయ్యాయి, అదీ ఒకే మనుషుల దగ్గర.

నాన్నను ఇంటికి తెచ్చిన మర్నాడే ఆశ వచ్చింది. నాకు వరసకు వదిన అవుతుంది, ఊళ్లో పుట్టి పెరిగి ఊళ్లోనే కాపురం చేస్తున్న మనిషి. లోపలికి వచ్చి నాన్న కాళ్లు పట్టుకుని చూసి, బయటికి వెళ్లి అరుగు మీద కూర్చుంది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత సంచిలోంచి పాత ఫారం తీసి నాకు చూపించింది. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషికీ ఇంటింటికీ తిరిగి నింపే ఫారం అది. వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, ఒంటికి పని ఉందా లేదా, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు ఉన్నాయా అని అడిగి మార్కులు వేస్తారు. మొత్తం నాలుగు దాటితే ఆ మనిషిని ముందుగా పరీక్షకు పంపాలి. నాన్నకు నాలుగు దాటలేదు.

"మామయ్య పొలంలో ఉన్నాడు అమ్మాయ్. అత్తయ్య చెప్పిందే రాసుకున్నాను" అంది.

అమ్మ ఏం చెప్పిందో నేను ఊహించగలను. ఆయనకేం, ఎద్దులా ఉన్నాడు అని ఉంటుంది. పొగాకు దగ్గర 'లేదు' అని టిక్కు ఉంది. మా నాన్న ఊహ తెలిసినప్పటి నుంచి చుట్ట కాలుస్తాడు. "చుట్ట కూడా అందులోకి వస్తుందా?" అని అమ్మ ఆ రోజు నిజంగానే ఆశ్చర్యపోయింది. నడుము కొలవలేదు, మనిషి ఎదురుగా లేడు కాబట్టి. నిజానికి మార్కులు ఎన్ని వచ్చినా ముప్పై దాటినవాళ్లందరికీ బీపీ, షుగరు చూడాల్సిందే. మిషన్ మా గుమ్మం దాకా వచ్చింది కూడా. అమ్మకు చూశారు, పక్కింటి అవ్వకు చూశారు. నాన్నకు చూడలేదు.

తర్వాత నేను క్లినిక్‌లో వరండా బల్ల మీద కూర్చున్న చాలా రోజులు ఇదే గమనించాను. పొద్దున తొమ్మిదికి తెరుస్తారు, సాయంత్రం మూసేస్తారు. ఆ వేళల్లో వచ్చేవాళ్లు గర్భిణులు, చంటిపిల్లల తల్లులు, ముసలివాళ్లు. నలభై, యాభై ఏళ్ల మగవాళ్లు ఆ టైమ్‌లో పొలంలోనో, ట్రాక్టరు మీదో, మిరప యార్డులోనో ఉంటారు. ఇంటికి వచ్చి చూసే పద్ధతి కూడా ఇంట్లో ఉన్నవాళ్లకే అందుతుంది. మా ఊళ్లో పడిపోయేదేమో ఈ బయట తిరిగే మగవాళ్లే.

అదే సంవత్సరం ఏప్రిల్ 6న మా జిల్లాలోనే, లింగంగుంట్లలో, ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని అధికారికంగా ప్రారంభించారు. అంతకు ముందు అక్టోబరు నుంచే ట్రయల్‌గా నడుస్తోంది. పద్ధతి సులువే. పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఇద్దరు డాక్టర్లు. ఒకరు అక్కడ ఓపీ చూస్తుంటే ఇంకొకరు 104 బండిలో ఊళ్లకు వెళ్తారు. పొద్దున ఊరి క్లినిక్‌లో ఓపీ, మధ్యాహ్నం నుంచి మంచం పట్టినవాళ్ల ఇళ్లకు, బడికి, అంగన్‌వాడీకి. మిగతా రోజుల్లో క్లినిక్‌ను నడిపేది సిస్టర్. కాగితాల మీద ఎంఎల్‌హెచ్‌పీ అని రాస్తారు, బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లు. మా ఊళ్లో ఆ అక్షరాలు ఎవరి నోరూ తిరగదు, అందరికీ సిస్టరే.

డాక్టరమ్మ మొదటిసారి మా ఇంటికి వచ్చిన మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. చెప్పులు బయట విడిచి, నాన్న మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. ఫైలు అడగలేదు, ముందు మనిషిని పక్కకు తిప్పమంది. నడుము కింద, మడమల దగ్గర వేలితో నొక్కి చూసింది. ఎర్రబడిన చోటు చూపించి, రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే ఇది పుండవుతుందని చెప్పింది. నీళ్లు తాగిస్తుంటే నాన్న దగ్గడం చూసి, పడుకోబెట్టి ఏదీ పట్టొద్దు, పూర్తిగా కూర్చోబెట్టి చెంచాతో పట్టండి అంది. ఇవి గుంటూరులో కూడా చెప్పే ఉంటారు. డిశ్చార్జి రోజు బిల్లులు, కాగితాల గొడవలో మా చెవికెక్కలేదు.

ఆ తర్వాత మందులన్నీ మంచం మీద పోయమంది. డబ్బాలోంచి పోశాను. రెండు స్ట్రిప్పులు పక్కపక్కన పెట్టి నన్ను చదవమంది. ఒకటి ఆమ్లోడిపిన్, బీపీ బిళ్ల. రెండోది వేరే కంపెనీ, వేరే పేరు, కింద సన్నటి అక్షరాల్లో టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిపి అని ఉంది. అంటే రెండు నెలలుగా మేము ఆయనకు ఒకే మందు రెండుసార్లు వేస్తున్నాం. కాళ్లు వాస్తున్నాయని మేము ఉప్పు తగ్గించాం, నీళ్లు తగ్గించాం, కిడ్నీలేమోనని టెన్షన్ పడ్డాం. ఆ వాపు ఈ మందు ఎక్కువైనా వస్తుందట. ఒకటి ఆపించింది. మూడు వారాల్లో వాపు దిగింది. అప్పటికి మేము ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండుసార్లు రివ్యూకి వెళ్లి వచ్చాం, ప్రతిసారీ కారు కిరాయి, కన్సల్టేషన్ ఫీజు. అక్కడ ఫైలు చూశారు కానీ ఇంట్లో డబ్బాలో ఏముందో ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు, తెలిస్తేగా.

ఇంటికి వచ్చి చూడటంలో ఉన్న బలం నాకు ఆ రోజు అర్థమైంది. సిస్టర్ కూడా అంతే. ఒకరోజు నాన్నకు బీపీ చూసి, నేరుగా వంటింట్లోకి వెళ్లి ఆవకాయ జాడీ మూత తీసింది. అమ్మకు గుండె జారింది. పచ్చడి మానేయమంటే మా ఇంట్లో ఎవరూ వినరని సిస్టర్‌కు తెలుసు, ఆమెదీ సత్తెనపల్లి వైపే. "అత్తయ్యగారూ, ముద్దలో కలపొద్దు. నంజుకోవడానికి ఒక్క ముక్క. పెరుగన్నంలో విడిగా ఉప్పు వద్దు" అంది. అంతవరకు అమ్మ ఒప్పుకుంది. బీపీ చూసేటప్పుడు కూడా ఆమె తొందరపడేది కాదు. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, చెయ్యి దిండు మీద ఆనించి, మాట్లాడొద్దని చెప్పి అప్పుడు చూసేది. పెద్ద ఆసుపత్రిలో నడిచి వచ్చిన మనిషికి నిలబెట్టే చూసిన సందర్భాలు నాకు తెలుసు.

ఇక లేనివాటి సంగతి. పక్షవాతం తర్వాత మొదటి కొన్ని నెలలు ఫిజియోథెరపీ చాలా ముఖ్యం. మా క్లినిక్ గోడ మీద 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు అని బోర్డు ఉంది. చెయ్యి పట్టుకుని లేపి నడిపించే మనిషి మాత్రం ఆ బోర్డులో లేడు. "నేను రాసివ్వగలనమ్మా, మనిషిని తెచ్చివ్వలేను" అంది డాక్టరమ్మ. ఆమె చూపించిన నాలుగు వ్యాయామాలు నేను ఫోన్‌లో వీడియో తీసుకుని చేయించాను. వారానికి మూడు రోజులు ఆటోలో నరసరావుపేట తీసుకెళ్లాను. పంట డబ్బుల్లో సగం అలా పోయింది. మా వీధి చివర ఇంకొకాయన ఉన్నాడు, ఇదే జబ్బు. ఆయనకు ఆటో ఖర్చు పెట్టేవాళ్లు లేరు. బీపీ బిళ్లలు నెలనెలా ఇంటికే వస్తాయి, బీపీ అదుపులోనే ఉంది. ఆయన చెయ్యి మాత్రం ముడుచుకుపోయింది, ఇక తెరుచుకోదు.

మందుల విషయంలో నా ఫిర్యాదు చిన్నదే, కానీ ప్రమాదకరమైనది. సరఫరా మారినప్పుడల్లా బిళ్ల రంగు మారుతుంది. మా అమ్మకు షుగరు. మెట్‌ఫార్మిన్ ఒక నెల తెల్లగా పొడుగ్గా వస్తే ఇంకో నెల గుండ్రంగా వచ్చింది. అమ్మకు చదువు రాదు, ఆకారంతోనే గుర్తు. కొత్తది వేరే మందనుకుని, మిగిలిన పాతదీ కొత్తదీ రెండూ వేసుకుంది. రెండు రోజులు వాంతులు. ఆశ వదిన వచ్చి ఖాళీ స్ట్రిప్పులు లెక్కపెడితే గానీ తెలియలేదు. ఆ తర్వాత ఆమె ఒక పని చేసింది. పొద్దున వేసుకునేవాటి మీద స్కెచ్ పెన్‌తో సూర్యుడు, రాత్రివాటి మీద చంద్రుడు. మా వీధిలో ముసలివాళ్లందరి డబ్బాల మీద ఇప్పుడు ఆ బొమ్మలే. ఇది ఏ సర్క్యులర్‌లోనూ ఉండి ఉండదు.

ఆమెను రోజూ చూస్తుంటే ఈ పథకం బరువంతా ఎవరి మీద ఉందో తెలుస్తుంది. ఆశ వ్యవస్థ 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చింది, సుమారు వెయ్యి మంది జనాభాకు ఒకరు అని లెక్క. కాన్పై ఇంటికి వచ్చిన బిడ్డను మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజు వెళ్లి చూడాలి. గర్భిణులను చెకప్‌కు తీసుకెళ్లాలి. జ్వరాల సర్వే, కుష్ఠు సర్వే, టీబీ మందులు, టీకాల రోజు పిల్లలను పోగేయడం. వీటికి తోడు యాప్‌లు. రాత్రి ఎనిమిదింటికి మా అరుగు మీద కూర్చుని మా వైఫైతో ఫొటోలు ఎక్కిస్తుండేది, వాళ్ల వీధిలో సిగ్నల్ రాదని. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆశల గౌరవ వేతనం నెలకు 10,000 రూపాయలు చేశారు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశలందరికీ కలిపి అవార్డు ఇచ్చిందని నేను ఒకసారి చెబితే, "అవునా, మాకెవరూ చెప్పలేదే" అని నవ్వి, "చార్జర్ ఉందా అమ్మాయ్" అని అడిగింది.

యాప్ గురించి ఇంకో మాట. పైనుంచి అడిగేది ఎంతమందికి చూశారు అని. ఎంతమందికి బీపీ అదుపులోకి వచ్చింది అన్న ప్రశ్న నేను విన్నంతలో తక్కువ. నెలాఖరు వారంలో ఫోన్ల మీద ఫోన్లు, ఇన్ని పెండింగ్, ఇవాళ పూర్తి చేయాలి అని. ఆ ఒత్తిడిలోనే నాన్న ఫారం నిండింది. తప్పు వదిన మీద ఒక్కదాని మీదే వేయడానికి నాకు నోరు రాదు. చెప్పింది అమ్మ. ఏడాదికి రెండుసార్లు వచ్చి వెళ్లే కూతురిగా నేనూ ఏనాడూ నాన్న బీపీ చూపించలేదు.

సొంత ఊరి మనిషే ఆరోగ్య కార్యకర్త కావడంలో ఇంకో చిక్కు ఉంది. తలుపు సులువుగా తెరుస్తారు, నోరు మాత్రం తెరవరు. మా వెనక వీధిలో ఒకతనికి నెలలకొద్దీ దగ్గు. కఫం పరీక్షకు డబ్బా ఇస్తానంటే కసురుకున్నాడు. ఆశ చేతికిస్తే ఊరంతా తెలుస్తుందని భయం, పైగా ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. ఊరు దాటి వెళ్లి ప్రైవేటులో చూపించుకున్నాడట. వదిన ఎవరికీ చెప్పేది కాదని నేను ప్రమాణం చేస్తాను. కానీ ఆమె బ్యాగు వేసుకుని ఒకే ఇంటికి రెండుసార్లు వెళ్తే చాలు, ఎదురింటివాళ్లు లెక్క కట్టేస్తారు. దీనికి మందు నాకూ తెలియదు.

రాత్రిళ్లు నాన్న పక్కన కూర్చుని ఈ విషయాలు చదువుకునేదాన్ని. ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి వైద్యం గడపకు తేవడం కొత్త సంగతేమీ కాదు. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో అరోలే దంపతులు 1970లోనే మొదలుపెట్టారు. బ్రెజిల్‌లో 1994 నుంచి కుటుంబ ఆరోగ్య బృందాలు ఉన్నాయి. అక్కడ డాక్టరు, నర్సు, ఇంటింటికీ తిరిగే కార్యకర్తలు కలిపి ఒకే బృందం, ఒక్కో బృందానికి మూడు నాలుగు వేల మంది. మన దగ్గర మైదాన ప్రాంతంలో ఒక పీహెచ్‌సీకి లెక్క 30,000 జనాభా. ఇది చదివాక డాక్టరమ్మ ఎందుకు ఎప్పుడూ గడియారం చూసుకుంటుందో అర్థమైంది. మా ఇంట్లో పది నిమిషాలు కూర్చుందంటే ఇంకో మంచం దగ్గర పది నిమిషాలు తగ్గినట్టే. అయినా మొదటి ఏడాది ఆమె ఒక్కసారే రాలేదు, 104 బండి రిపేరుకు వెళ్లిన గురువారం.

అసలు దెబ్బ రెండో ఏడాదిలో తగిలింది. కొన్ని నెలల తేడాలో డాక్టరమ్మకు పీజీ సీటు వచ్చి వెళ్లిపోయింది, సిస్టర్ బదిలీ మీద సొంత ఊరి దగ్గరికి వెళ్లింది. ఇద్దరి విషయంలోనూ సంతోషించాల్సిందే. కొత్త డాక్టరు వచ్చిన రోజు మా ఇంటి గడప దగ్గరే నిలబడి, "పేషెంటుకు ఏమైంది?" అని అడిగాడు. 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు ఉంది, ట్యాబ్ ఆయన చేతిలోనే ఉంది. అందులో నాన్న బీపీ అంకెలు ఉన్నాయి. ఆమ్లోడిపిన్ రెండుసార్లు పడటం, దాన్ని ఆపడం, నీళ్లు పొలమారడం, ఏవీ లేవు. ఆయన నాన్న కాళ్లు చూసి, బీపీ చూసి, 150 ఉందని మళ్లీ ఆ పాత కాంబినేషన్ మందే రాయబోయాడు. పక్కన నిలబడిన వదిన, "సార్, అది వేస్తే మామయ్యకు కాళ్లు వాస్తాయి" అంది. ఆయన ఒక్క క్షణం ఆమె వైపు చూసి, రాసింది కొట్టేశాడు. వినే మనిషి కాబట్టి సరిపోయింది.

ఆ రాత్రే నేను ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ తీసి మొదటి నుంచి అన్నీ రాశాను. తేదీ, బీపీ, ఏ మందు ఎప్పుడు ఎందుకు మారింది, ఎవరు మార్చారు. ఇప్పుడు అది మంచం కింద ఉంటుంది, ఎవరొచ్చినా ముందు అదే ఇస్తాను. క్లినిక్ గోడ మీద పేరు కూడా ఈలోగా మారింది, ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని కొత్త రంగు వేశారు. లోపల కుళాయికి నీళ్లు ఇంకా రావడం లేదు.

సిస్టర్ వెళ్లకముందు మేమిద్దరం వదినతో కలిసి ఒక ప్రయత్నం చేశాం. మగవాళ్లు క్లినిక్‌కు రారు, ఇంట్లో దొరకరు. కానీ పొద్దున ఐదున్నరకు క్యాన్లతో పాలకేంద్రం దగ్గర మాత్రం ఉంటారు. బల్ల వేసి కూర్చున్నాం. మొదటి రోజు ఎవరూ రాలేదు. "ఏంటి సిస్టరూ, పాలకు కూడా ఫ్యాటుతో పాటు బీపీ చూస్తున్నారా?" అని నవ్వారు. అప్పుడు నేను నాన్న ఫొటో చూపించలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. పాలకేంద్రం నడిపే బాబాయిని కూర్చోబెట్టాం. 170/100 వచ్చింది. ఆయన ముఖం చూసి మిగతావాళ్లు వరసకట్టారు. రెండు మంగళవారాల్లో తొమ్మిది మందికి ఎక్కువగా ఉందని తేలింది, అందులో ఇద్దరికి నలభై కూడా లేవు. మళ్లీ మళ్లీ చూసి నిర్ధారించుకున్నాక డాక్టరమ్మ మందులు మొదలుపెట్టింది. బీపీ మామూలైంది కదా అని ముగ్గురు మధ్యలో మానేశారు. మందు వేసుకుంటున్నావు కాబట్టే మామూలుగా ఉంది అని వదిన వాళ్ల ఇళ్లకు వెళ్లి పోట్లాడి ఇద్దరిని వెనక్కి తెచ్చింది.

కొత్త సిస్టర్‌కు చిన్నపిల్ల ఉంది, రోజూ బస్సులో వస్తుంది, ఐదున్నరకు రమ్మనడం న్యాయం కాదు. పైగా పాలకేంద్రం దగ్గర చూసినవాటికి విడిగా లెక్క ఏమీ లేదు. అందుకని మంగళవారాలు ఆగిపోతాయనుకున్నాను. వదిన మానలేదు. నెలకోసారి మిషన్ సంచిలో వేసుకుని వెళ్తుంది, ఎక్కువ వచ్చినవాళ్ల పేర్లు చీటీ మీద రాసి తొమ్మిదింటికి సిస్టర్‌కు ఇస్తుంది. మిషన్‌కు బ్యాటరీలు క్లినిక్ నుంచి రావడం లేదు. నేనే కొనిస్తున్నాను. పోయిన నెల నాన్న కూడా చేతికర్ర పట్టుకుని ఎడమ చేత్తో నా భుజం మీద ఆనుకుంటూ పాలకేంద్రం దాకా నడిచాడు. బల్ల దగ్గర కుర్చీ లాగి కూర్చోబెట్టి వదిన ఆయనకే మొదట బీపీ చూసింది. 138/84. చీటీ మీద రాసుకుని, "మామయ్యా, చుట్ట?" అని అడిగింది. నాన్న తల అడ్డంగా ఊపాడు. వదిన నా వైపు చూసింది. నేనూ తల అడ్డంగా ఊపాను, అప్పుడు టిక్కు పెట్టింది.